పెరుగనుకున్నాను

మిర్యాలగూడ, 12 నవంబర్ 1988

మంచం పట్టిన అమ్మ నాలుక మీది తెల్లటి పొర పెరుగన్నం కాదట. వారం రోజులుగా పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో రుద్ది తీస్తున్నాను. "మంటైతుంది బిడ్డా, జర ఇడువు" అని తల తిప్పుకునేది. "పెరుగుకు మంటేందమ్మా? వేషాలెయ్యకు" అని గడ్డం పట్టుకుని రుద్దేదాన్ని. గుడ్డకు నెత్తురంటినా చిగుళ్లదే అనుకున్నాను.

ఈరోజు దవాఖానలో డాక్టరమ్మ చూసి, "ఇది ఫంగస్. నిమోనియాకు అన్ని రోజులు యాంటీబయాటిక్స్ వాడిన్రు గదా, దాంతోనే వచ్చింది. రుద్దితే పుండైతది" అన్నది. ప్రతిదాన్నీ శంకించే నేను పెరుగును నమ్మి అమ్మను శంకించాను.

సాయంత్రం ఊదారంగు మందు పూద్దామని దూది పట్టుకుని దగ్గరికి వెళ్లాను. నా చేతిని చూడగానే అమ్మ పెదవులు బిగించింది. "ఇగ రుద్దనమ్మా" అన్నాను. తల ఊపింది గానీ, నోరు తెరవలేదు.