ఒకే తేదీన రెండు కాగితాలు

1917 ఫిబ్రవరి 11, స్కాట్లాండ్, రొసైత్ రేవు. సాయంత్రం 5

నిన్న పొగమంచులో చేపల పడవని గుద్దాం. నలుగురు పోయారు. ఒక్క శవమూ దొరకలేదు.

గుద్దినప్పుడు ఓడ ఎవరి చేతిలో ఉంది అన్నదే ఎల్లుండి విచారణ. ఓడ నడిపే కాపలా వంతు, అదే వాచ్, అప్పుడు నాది కాబట్టి కాగితం మీద నా చేతిలో ఉన్నట్టు. కానీ కెప్టెన్ హాలమ్ పైకొచ్చి ఆర్డర్లన్నీ తనే ఇచ్చాడు. భార్యకి నొప్పులొస్తున్నాయని కబురు. చీకటి పడేలోగా రేవు చేరాలని ఒకటే తొందర. వేగం తగ్గిద్దామని రెండుసార్లు చెప్పాను. వినలేదు.

కెప్టెన్ ఓడ తీసుకునేటప్పుడు ‘నేను తీసుకుంటున్నాను’ అని పైకి అనాలి, దాన్ని పుస్తకంలో రాయాలి. హాలమ్ అనలేదు. నేను అడగనూ లేదు. పదమూడో ఏట నేవీ స్కూల్లో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళం. వాణ్ణి అదేం అడుగుతాను?

సాయంత్రం 7

హాలమ్ నా క్యాబిన్‌కి వచ్చి ఏడ్చాడు. ఒరే ట్రెగార్త్, కెప్టెన్‌గా నేను పడితే మళ్ళీ లేవనురా, నీకైతే ఒక చీవాటుతో పోతుంది అన్నాడు. నీ సంగతి నేను చూసుకుంటాను, నన్ను నమ్ము అన్నాడు.

ఫిబ్రవరి 13

చెప్పేశాను. ఓడ నా చేతిలోనే ఉందన్నాను. చనిపోయినవాళ్ళలో ఒకతని అన్న వెనక కుర్చీలో కూర్చుని నన్నే చూశాడు. నాకు తీవ్రమైన మందలింపు. హాలమ్‌కి కూతురు పుట్టింది.

మార్చి 2

వేరే ఓడకి బదిలీ. దిగేముందు ఆనవాయితీ ప్రకారం హాలమ్ చిన్న కాగితం చేతికిచ్చాడు. ఎలా పనిచేశామో రెండు ముక్కలుంటాయి అందులో. మేం ఫ్లిమ్సీ అంటాం. ‘నాకు పూర్తి తృప్తి కలిగేలా పనిచేశాడు’ అని రాశాడు. అసలు రిపోర్టు సీలు వేసి లండన్‌కి పోతుంది, అది మా కంట పడదు. ఏముంటుంది, ఇదే ఉంటుంది. మాట నిలబెట్టుకున్నాడు.

1922 జూన్ 9

యుద్ధం లేదు కాబట్టి ఇంతమంది ఆఫీసర్లు అక్కర్లేదట. తీసేసినవాళ్ళ జాబితాలో నా పేరుంది. సొంత ఓడ ఎక్కకుండానే ఇంటికి. లాటరీ అనుకో, నీ ఖర్మ బాగాలేదు అని హాలమ్ ఉత్తరం రాశాడు. మనసున్నవాడు.

1931 నవంబరు 20

బతుకుతెరువుకి పెట్టుకున్న ఫారంలో కోళ్ళకి తెగులు. అరవై చచ్చాయి. హాలమ్‌కి క్రూయిజర్, అంత పెద్ద యుద్ధనౌక, ఇచ్చారని పేపర్లో చూసి అభినందనల కార్డు పంపాను.

1939 సెప్టెంబరు 6

పిలిచారు! లివర్‌పూల్‌లో సరుకు ఓడల్ని గుంపులుగా పంపే కాన్వాయ్ ఆఫీసు. బల్ల పనే. కానీ కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి. పాత యూనిఫాం పొట్ట దగ్గర పట్టకపోతే నా భార్య మ్యూరియల్ కుట్లు విప్పింది. పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు మీరు అని వేళాకోళం చేసింది.

1941 ఏప్రిల్ 22

కాన్వాయ్‌లకి కాపలా వెళ్ళే చిన్న యుద్ధనౌకలు, కొర్వెట్లకి కెప్టెన్లు చాలడం లేదు. నా పేరు మూడుసార్లు పంపారు, మూడుసార్లూ వెనక్కి వచ్చింది. రికార్డుల గుమాస్తా మిస్ ఓగ్డెన్‌కి నా మీద జాలి కలిగింది. నేను టీ తాగడానికి వెళ్తున్నాను, మీ ఫైలు బల్ల మీద ఉంది, మీరు చూడలేదు నేను చూపలేదు అని వెళ్ళిపోయింది.

చదివాను. ‘మంచి సహవాసి. చిక్కుల్లో తల పనిచేయదు. సొంతంగా ఓడ అప్పగించకూడదు.’ హాలమ్ సంతకం. 1917 మార్చి 2.

అదే తేదీ. అదే బల్ల, అదే కలం. ఒకటి నా చేతికిచ్చి, రెండోది సీలు వేశాడు. నేను వాడికి థ్యాంక్స్ చెప్పి మెట్లు దిగాను.

ఏప్రిల్ 23

తడిగుడ్డతో గొంతు కోశాడు. ఇరవై నాలుగేళ్ళు గొంతు తెగిందని కూడా తెలియలేదు నాకు. ఇది లాటరీయా? ఖర్మా? వాడి ప్రతి ప్రమోషన్‌కీ కార్డు పంపాను. మ్యూరియల్ చేసిన జామ్ పంపాను. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాను. వీడు తెప్పకి నిప్పు పెట్టి దాని జామ్ కూడా తిన్నాడు.

మే 8

హాలమ్ తనిఖీకి వచ్చాడు. ఇప్పుడు అడ్మిరల్. హోటల్లో భోజనం. నేను అడిగేశాను.

తడబడలేదు. చేప ముళ్ళు తీసుకుంటూ, నీ తప్పేనని విచారణ బోర్డు ముందు నువ్వే ఒప్పుకున్నావు కదరా అన్నాడు. ఆపైన నేను ఆకాశానికెత్తి రాస్తే వీడి మీద ఇంత ప్రేమేంటని లండన్‌లో ఆరా తీయరూ, ఇద్దరం మునిగేవాళ్ళం అన్నాడు. ఇప్పుడు బ్రహ్మాండంగా రాస్తాను, నెల తిరక్కుండా ఓడ ఎక్కుతావు, పాతది తవ్వకు అన్నాడు. బిల్లు తనే కట్టాడు.

మే 14

మ్యూరియల్ ఉత్తరం. పదిహేడేళ్ళు మీతోపాటు కోళ్ళ పెంట ఎత్తాను, వాణ్ణి తిట్టుకుంటూనే ఓడ తీసుకోండి, ఎవడిప్పించాడో ఓడకేం తెలుసు అని రాసింది. నిజమే. తీసుకుంటాను. యాభై ఒకటి వచ్చాయి నాకు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

మే 30

ఓడలు కేటాయించే కెప్టెన్ ముందు కూర్చున్నాను. పెద్దమనిషి. హాలమ్ రాసిన కొత్త రిపోర్టు చదివి నవ్వాడు. కొర్వెట్ రెడీగా ఉంది, చిన్న లాంఛనం మిగిలింది అన్నాడు. 1917 నాటి సంగతి కుర్రతనపు పొరపాటు, అంతే కదండీ అన్నాడు. జవాబు కూడా తనే అందించాడు. అవునండీ అంటే చాలు.

అందామనే నోరు తెరిచాను. ఆనాటి విచారణలోలాగే వెనక కుర్చీలో ఎవరో కూర్చుని నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఆ రోజు ఓడ నా చేతిలో లేదండీ అన్నాను. ఇక ఆగలేదు. అంతా చెప్పేశాను.

ఆయన కలానికి మూత పెట్టాడు. అయితే అప్పుడు అబద్ధమాడారు, లేదా ఇప్పుడు ఆడుతున్నారు, ఏదైనా మీ చేతికి ఎనభై మందిని ఎలా ఇవ్వమంటారు అన్నాడు. కోప్పడలేదు. ఆయన కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ణి.

జూన్ 3

ఋజువు లేదు కాబట్టి హాలమ్‌కి ఏమీ కాలేదు. మ్యూరియల్ నుంచి ఉత్తరం లేదు.

జూన్ 17. ఉదయం 6

నాకు రావలసిన కొర్వెట్ బయల్దేరింది. కెప్టెన్‌కి ముప్పై కూడా ఉండవు. రేవు గోడ మీద నిలబడి చూశాను. పక్క గాలి, వెనక్కి లాగే ఆటు. బాగానే తిప్పాడు.

నేనైతే కాస్త ముందే తిప్పేవాణ్ణి.