గుమస్తా ఏం చెప్పబోయాడు?

అన్నయ్యకు,

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. కొత్త కళ్లజోడు వచ్చాక నాన్న, ఇంట్లో దుమ్మంతా ఇవాళే పుట్టినట్టు సణుగుతున్నారు. నువ్వూ వదినా బాగున్నారని తలుస్తాను. కులాసా కబుర్లు ఇంతటితో సరి. నీ మీద నాకు ఒళ్లు మండిపోతోంది.

"నాటకం ఎలా ఉందో చెప్పకుండానే వెళ్లిపోయావేం? తలనొప్పి తగ్గిందా?" అని రాశావు. తలనొప్పీ లేదు, గిలనొప్పీ లేదు. ఆ నత్తి గుమస్తా వేషం ఎవర్ని చూసి కట్టావు? మాట ఇరుక్కున్నప్పుడు కుడికన్ను మూయడం, గడ్డం పైకెత్తడం, బల్ల అంచు పట్టుకోవడం, అన్నీ నావే. నా నత్తే. వాడు నోరు తెరిచినప్పుడల్లా ఆఫీసరు అడ్డుపడి ఏదో తప్పు మాట అందిస్తాడు, హాలంతా పగలబడి నవ్వుతుంది. నాటకం అయిపోతుంది గానీ వాడి మాట అవదు. పైగా కరపత్రం మీద "సాటి మనిషి బాధ తెలియజెప్పే కళ" అని అచ్చేయించుకున్నారు! సిగ్గుగా లేదూ?

చిన్నప్పుడు కథల పుస్తకంలో ఒక పేజీ నువ్వూ ఒక పేజీ నేనూ చదివేవాళ్లం, గుర్తుందా? ఒక్క మాట దగ్గర నేను ఎంతసేపు ఆగిపోయినా నువ్వు అందించేవాడివి కాదు. అమ్మ అందించబోతే, "ఉండమ్మా, దొంగ ఏమన్నాడో చెల్లినే చెప్పనీ" అని కసిరేవాడివి. ఆ దొంగను జైల్లో వేస్తే ఇద్దరం ఏడ్చాం. ఎన్నడూ చూడని దొంగ కోసం! కథ అంటే ఏమిటో నాకు నేర్పింది నువ్వే కదా అన్నయ్యా.

ఇన్నేళ్లూ కళ్లజోళ్ల షాపు కౌంటరులో నిలబడి మాట్లాడాను. జనం ఆగేవారు, వినేవారు. మీరు ఆడి వెళ్లాక ఒకాయన, అద్దాలు ఎప్పుడిస్తామో నేను చెబుతుంటే, కన్ను మూసి గడ్డం పైకెత్తాడు. అచ్చం నీలాగే. పక్కనే ఉన్న ఆయన భార్య నవ్వాపుకోలేకపోయింది. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. నీ నాటకం చూసొచ్చారంతే.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు హాల్లో నేనూ నవ్వాను. పక్క సీట్లో మా ఓనరు భార్య నావంక చూసింది. నవ్వకపోతే ఆ గుమస్తా నేనేనని తెలిసిపోతుందని నవ్వాను. నిన్న నేనే వెళ్లి, లోపల అద్దాలు అరగదీసే గదిలోకి మార్చమని ఓనరును అడిగాను. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. ఒకటో తారీఖు నుంచి మారుస్తానన్నారు. ఈ ముక్క రాస్తుంటే కూడా నీ మీద కోపం ఆగడం లేదు.

శనివారం మళ్లీ ఇక్కడే ఆడుతున్నారట, ముందు వరుసలో కుర్చీ ఉంచమంటావా అని అడిగావుగా. ఉంచు. కానీ ముందు నాకొకటి చెప్పు. ఆ గుమస్తా ఏం చెప్పబోయాడు? నీకు తెలుసా? నాటకం రాసినాయనకైనా తెలుసా? తెలియకపోతే ఆ వేషం కట్టకు. తెలిస్తే స్టేజీ మీద వాడిచేత చెప్పించు, ఆ నత్తితోనే, ఎంతసేపు పడితే అంతసేపు. ఆఫీసరును నోరు మూసుకుని నిలబడమను. వాడి మాట పూర్తయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవను, హాలు ఖాళీ అయినా సరే.

ఇట్లు,
కాగితం మీద ఎక్కడా ఆగని
నీ చెల్లెలు