డీలియా బాణీలో రెండో సగం

జనవరి 12, శుక్రవారం

ఇది రాయకపోయినా కొంపలేమీ మునగవు. పాలకేంద్రం వాళ్ళు ఏటా ఊరికే ఇచ్చే డైరీ ఇది. ఇన్నేళ్ళూ పొయ్యి రాజెయ్యడానికే వాడాను. ఇది కూడా అందులోకే పోవలసింది. కానీ కోపం వచ్చింది. అరుద్దామంటే ఇంట్లో రెండో మనిషి లేదు.

పొద్దున రేడియోలో సెనన్ టాల్టీ. బళ్ళో లెక్కలు చెబుతాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక జోసీ పబ్‌లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఫ్లూట్ ఊదుతాడు, మా పడమటి క్లేర్ జిల్లా సంగీతానికంతటికీ తనే మేస్త్రీ అన్నట్టు. ఇవాళ ఒక జిగ్, చిందులేయించే బాణీ, వాయించాడు. గుడ్డు నా గొంతులో అడ్డం పడింది. అది మా డీలియాది. నలభై ఏళ్ళు మా వంటింట్లో, పొయ్యి పక్క, కాన్సర్టీనా పెట్టె మీద అక్క వాయించిన బాణీ. అక్క పోయి మూడు నెలలు కాలేదు.

పేరేమిటని రేడియోలో అమ్మాయి అడిగింది. టాల్టీలది అన్నాడు.

మా దగ్గర బాణీ ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ పేరు పెడతారు. కాగితాలుండవు, పేరే దస్తావేజు. పేరు మార్చడమంటే రాత్రికి రాత్రి పొలం గట్టు జరపడమే. ఆ పాపానికి మా మేనమామ తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆ కథ ఇంకోసారి.

ఫోన్ చేసి దొంగా అన్నాను. నవ్వాడు. థేడీ పెద్దాయనా, నీకు జిగ్‌కీ కెటిల్ కూతకీ తేడా తెలుసా, ఆవిడదే అంటే ఆదివారం వచ్చి నువ్వే వాయించి చూపించు అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అంటే, విసిరేశాను.

జనవరి 15, సోమవారం

అక్క పెట్టె తెరిచాను. అరవై తొమ్మిదేళ్ళకి.

ముప్ఫై మీటలు. నడుమ తిత్తి. ఏ మీటా ఒక్క మాట మీద నిలబడదు. తిత్తి మూస్తూ నొక్కితే ఒక స్వరం, తెరుస్తూ నొక్కితే అదే మీట ఇంకో స్వరం. మా చిన్నాన్న మర్టీ జిల్లా సభలో ఉండేవాడు. సభ జరిగే ఎనిస్‌కి వెళ్ళేటప్పుడు రోడ్డు వేయిస్తానని చెప్పి, తిరిగొచ్చేటప్పుడు రోడ్డా, ఏ రోడ్డు అనేవాడు. ఈ పెట్టెలో ముప్ఫై మంది మర్టీలున్నారు.

డీలియా దీన్ని చూడకుండా వాయించేది. కూర వైపు చూస్తూ, కుక్కని కాలితో తోస్తూ.

జనవరి 16

వేళ్ళు వాచాయి.

జనవరి 29, సోమవారం

బాణీ బుర్రలో ఉందిగా, వేళ్ళలోకి దించితే చాలనుకున్నాను. బుర్రలో లేదు. నాలుగు స్వరాలు వస్తాయి, ఐదో దగ్గర సబ్బు ప్రకటన పాటలోకి జారిపోతుంది. నలభై ఏళ్ళు పక్క కుర్చీలో కూర్చుని నేనేం విన్నాను? టీవీ విన్నాను. అక్క పెట్టె తీస్తే నేను సౌండ్ పెంచేవాణ్ణి. తను ఇంకా మెల్లగా వాయించేది. నేను ఇంకా పెంచేవాణ్ణి.

దీని కోపం కూడా సెనన్ మీదే. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

క్యాసెట్ దొరికింది! అక్క కుట్టు డబ్బాలో, దారపు ఉండల కింద. దాని మీద పెన్సిల్‌తో జిగ్ అని ఒక్కటే ముక్క. దొరికావురా టాల్టీ అని ఖాళీ వంటింట్లో గెంతాను. మోకాలు పట్టేసింది.

ఫిబ్రవరి 6, సాయంత్రం

విన్నాను.

మొదటి సగం వస్తుంది. ప్రతి జిగ్‌కీ రెండు సగాలు, మొదటిది రెండుసార్లు, రెండోది రెండుసార్లు. ఇందులో మొదటి సగం నదిలా వస్తుంది. అది ముగిసి రెండోదానికి తిత్తి ఊపిరి పీల్చుకునే చోట ఒక మగగొంతు. ఒసే, ఆ పిల్లి గోల ఆపుతావా, వార్తలొస్తున్నాయి. నేనే.

క్యాసెట్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. అక్క మొదటి నుంచి ఎత్తుకుంటుంది. అదే చోటికి వచ్చేసరికి, నీకు చెప్పినా బుద్ధి రాదా డీలియా. నేనే.

మూడోసారి నేనేమీ అనలేదు. చెంచాతో బల్ల మీద టకటకా కొట్టాను. ఆగిపోయింది. సరేలే తమ్ముడూ అంది. తరవాత అంతా గరగర.

ఆ చెంచా ఏదో వెతికి పారేద్దామని సొరుగు తీశాను. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

ఫిబ్రవరి 20, మంగళవారం

మొదటి సగం వస్తోంది, కుంటుతూ. తిత్తి తెరవాల్సిన చోట మూస్తున్నాను.

పబ్‌లోనే ఉన్న కొట్టుకి రొట్టె కోసం వెళితే జోసీ అడిగింది, రేపటి నుంచి ఈస్టర్ ముందు ఉపవాసాలు కదా, నలభై రోజులు ఏం వదిలేస్తున్నావు థేడీ అని. విస్కీ అన్నాను. ఊరంతా నవ్వింది. విస్కీ తాగితే తాగావు గానీ నాయనా, ఆ పెట్టె వదిలెయ్యి, నీ పేర కొవ్వొత్తులు వెలిగిస్తాం అంది. తరవాత గొంతు తగ్గించి, అయినా ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కుండా వాయించడమేమిటయ్యా అంది. ఉన్నప్పుడు ఆపించాను, పోయాక కూడా ఆపమంటావా అన్నాను. తనకేం అర్థమవుతుంది. రొట్టె మర్చిపోయి వచ్చేశాను.

మార్చి 10, ఆదివారం

రెండో సగం ఎక్కడా లేదు. కుట్టు డబ్బా, బీరువా, మంచం కింద, అంతా తిరగేశాను. భూమ్మీద అది ఒక్కడి దగ్గరే ఉంది.

వాణ్ణి అడగడం కంటే గడ్డి తినడం నయం. పోనీ అడిగి నేర్చుకున్నా, పద్ధతి ప్రకారం ఇది సెనన్ టాల్టీ దగ్గర నేర్చుకున్నానని నా నోటితో నేనే చెప్పాలి. అప్పుడిక ఆ బాణీ టాల్టీలదే. అడిగితే పేరు పోతుంది, అడక్కపోతే సగం బాణీ పోతుంది.

మార్చి 31, ఆదివారం

వెళ్ళాను.

పబ్‌లో వాయించేవాళ్ళు ఏడుగురున్నారు. పిలవకుండా మొదలెట్టకూడదు కాబట్టి పెట్టె ఒళ్ళో పెట్టుకుని గంటన్నర కూర్చున్నాను, పంటి వైద్యుడి దగ్గర కూర్చున్నట్టు. చివరికి సెనన్ ఫ్లూట్ తుడుచుకుంటూ, థేడీ, ఇక నీదే అన్నాడు.

మొదటి సగం వాయించాను. మళ్ళీ వాయించాను. రెండు తప్పులు. ఆపేశాను.

ఎవరూ అందుకోలేదు. సెనన్‌కి వచ్చు, అందుకోవచ్చు, అందుకోలేదు. మిగతాదేదయ్యా అంది జోసీ. లేదు అన్నాను. లేకపోవడమేమిటి, ఎవడైనా గుర్రాన్ని సగం కొంటాడా అన్నాడు మూల నుంచి ఎవడో. నవ్వారు. మిగతాది నేను ఆపించేశాను, డీలియాది ఇంతే మిగిలింది, ఇంత మాత్రం టాల్టీలది కాదు అన్నాను. పెట్టె మూసి లేచాను.

బయట సైకిళ్ళ దగ్గర సెనన్ పట్టుకున్నాడు. వాడి మొహం కూడా ఎర్రగా ఉంది. నన్ను దొంగ అన్నావు, పడ్డాను, ఇక విను అన్నాడు. పదకొండేళ్ళు, బడికి సెలవున్న ప్రతి గురువారం మీ వంటింటికి వచ్చాను, నువ్వు పశువుల సంతకి వెళ్ళగానే. ఆవిడే నేర్పింది. పేరేమిటని అడిగితే, మీ టాల్టీ తాత దగ్గర నేను నేర్చుకున్నా కాబట్టి టాల్టీలది అనే చెప్పు అంది. నా పేరు ఎక్కడా ఎత్తకురా, మా తమ్ముడు ఎగతాళి చేస్తాడు అని మాట తీసుకుంది. ఇవాళ ఆ మాట తప్పాను, చాలా?

మరి జనవరిలోనే ఎందుకు చెప్పి ఏడవలేదు అన్నాను. మాటిచ్చాను కనక అన్నాడు.

పదకొండేళ్ళు. నా వంటింట్లో. నా కప్పులో టీ.

ఏప్రిల్ 1

పెట్టె ముట్టలేదు.

ఏప్రిల్ 4

ముట్టలేదు. సెనన్ మీద కోపం పోయింది. పోతే తేలిగ్గా ఉంటుందనుకున్నాను. అది పోయిన చోట ఏముందో చూశాను. ఎగతాళి చేస్తాడు అందట. చేసేవాణ్ణి. అబద్ధమాడలేదు.

ఏప్రిల్ 18, గురువారం

మొన్న సెనన్‌కి ఫోన్ చేసి, గురువారం సంతకి వెళ్ళడం లేదు అన్నాను. పదింటికి రమ్మంటావా అన్నాడు.

వచ్చాడు. ఈస్టర్ సెలవులు అయిపోయాయి, బడికి ఏం చెప్పి వచ్చాడో నేను అడగలేదు. అలవాటుగా పొయ్యికి ఎడంపక్క కుర్చీలో కూర్చోబోయి, లేచి నిలబడ్డాడు. కూర్చోవయ్యా, పదకొండేళ్ళు కూర్చున్నావు, ఇప్పుడు మర్యాదా అన్నాను.

రెండో సగం నేర్పు అనడానికి నాకు రెండు టీలు పట్టింది.

వాయించాడు. నేను నోరు మూసుకుని విన్నాను. రేడియోలో ఇది వస్తున్నప్పుడు నేను రేడియోని తిడుతున్నాను, వినలేదు. నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికి, మా అక్క బాణీలో రెండో సగం ఇవాళ విన్నాను. పైకి పోతుంది. మొదటి సగం వంచిన తల ఇందులో ఎత్తుతుంది.

తిత్తి ఎక్కడ మూయాలో మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి విసుక్కున్నాడు. ఆవిడైతే నిన్ను చెంచాతో కొట్టేది అన్నాడు. వాడికి క్యాసెట్ సంగతి తెలియదు. నేను లేచి వెళ్ళి కాసేపు కెటిల్ తోమాను.

మే 12, ఆదివారం

జోసీ పబ్. రెండు సగాలూ వాయించాను, సెనన్‌తో. గాల్వే నుంచి వచ్చిన ఒకావిడ నోటుబుక్ తీసి బాణీ పేరు అడిగింది. డీలియా మారినన్‌ది అన్నాడు సెనన్. టాల్టీలది అన్నాను నేను. నేర్పింది ఆవిడే అన్నాడు. ఆవిడే చెప్పింది టాల్టీలదని అన్నాను. ఇద్దరం గొంతు పెంచాం. గాల్వే ఆవిడ కాసేపు చూసి, నోటుబుక్ మూసి, జోసీకి సాండ్‌విచ్ చెప్పింది.