అర మెట్టు కింద

శనివారం, పడుకునే ముందు

నా రెండో గిటార్‌ను ఎవరో ముట్టుకున్నారు. చివరి పాటకు శ్రుతి వేరు కాబట్టి దాన్ని ముందే సవరించి, స్టాండు మీద పెట్టి, విరామంలో చాయ్‌కి వెళ్లాను. వచ్చి మీటితే ఆరు తీగలూ సరిగ్గా అర మెట్టు కిందికి దిగి ఉన్నాయి. మళ్లీ సవరించే టైము లేక అలాగే వాయించాను. ఆ పాటకు నా గిటార్, సింగర్ గొంతు తప్ప ఇంకేం ఉండవు కాబట్టి పంజాగుట్ట కేఫ్‌లో ఎవరూ గమనించలేదు.

ప్రోగ్రాం అయ్యాక మా సింగర్ ఇమ్రాన్‌ను అడిగాను. మైకు వైరు చుడుతూ, తల ఎత్తకుండానే, "నాకేం ఎర్క అన్నా? ఏసీకి దిగినయేమో. గంత ఫికర్ ఎందుకు?" అన్నాడు.

ఒక్క తీగ దిగితే ఏసీ అనుకోవచ్చు. ఆరూ ఒకే కొలతలోనా? ట్యూనర్ పెట్టి తిప్పిన చెయ్యి అది. "గిటార్ పట్టుకునుడు సుత రాదు నాకు" అనే మనిషి ఎప్పుడు నేర్చుకున్నాడు? నా జాగాలోకి ఇంకెవర్నైనా తెస్తున్నాడా?

ఇమ్రాన్ పగలంతా మైత్రీవనం కోచింగ్ సెంటర్లో గొంతు చించుకుని క్లాసులు చెప్పి, అటు నుంచే ప్రోగ్రాంకి వస్తాడు. రెండు నెలలుగా ఆ చివరి పాటలో పై స్థాయి లైను రాగానే మైకును జనం వైపు తిప్పి వాళ్లతో పాడిస్తున్నాడు. అదో స్టైల్ అనుకున్నాను.

ఇవాళ తిప్పలేదు. అర మెట్టు కిందికి దిగిన ఆ లైనును తనే పాడాడు.