పొగమంచుకు జెండా పాట

హైదరాబాద్,
హాస్టల్ మేడ మీద, సోమవారం పొద్దున

మామకు, అత్తకు హారిక దండాలు పెట్టి రాస్తున్నది.

"వ్యాపారం మాట ఫోన్లో వద్దు, కాగితం మీద పెట్టు" అని నువ్వే అంటావు కాబట్టి బస్సు కార్గోలో పంపే ఈ డబ్బాలో ఉత్తరం పెడుతున్నాను. నవ్వకుండా చదువు.

కొన్నేళ్లుగా నేను ఒక్కదాన్నే కూర్చుని చేసుకుంటున్న వీడియో గేమ్ గుర్తుందా, "మంచులో మేక"? తెల్లవారుజామున ఒక చిన్న పిల్ల తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పొగమంచు పట్టిన ఊళ్లో నడుస్తుంది. ముందెక్కడో మేక మెడలో గంట వినిపిస్తుంటుంది. అంతే ఆట. కొట్టుకోవడాలు లేవు, కాల్చుకోవడాలు లేవు. దాన్ని ఇక్కడో పెద్ద కంపెనీ చూసింది. కొంటామంటున్నారు. కొని, ట్రిపుల్ ఏ గేమ్ చేస్తారట. మూడు ఏలు మామా! మా లోకంలో అంతకు మించిన హోదా లేదు.

ఎగిరి గంతెయ్యాల్సింది పోయి నాకు అన్నం సహించడం లేదు. అమ్మితే అది ఇక నాది కాదు, వాళ్లెలా మార్చినా నోరెత్తకూడదు. అమ్మకపోతే ఎవరూ ఆడని ఆట ఒకటి నా దగ్గర పడి ఉంటుంది. ఇన్నేళ్లుగా రైతుల మిర్చి యార్డులో అమ్మించిపెడుతున్న అడ్తిదారువి. నీకు తెలిసినంతగా అమ్మకం సంగతి మన ఇంట్లో ఎవరికి తెలుసు? అమ్మాలా, వద్దా?

నీ మేనకోడలు పిల్ల,
హారిక

తా.క.: డబ్బాలో బిస్కట్లు అత్తకు. నీ షుగరు సంగతి కార్గో ఆఫీసులో కూడా చెప్పి పంపుతున్నాను.

*

మట్టెవాడ, వరంగల్

మా ఇంటి బంగారం హారికకు మామ సుదర్శన్ దీవెనలు.

నీ ఉత్తరం చదివాక నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. మూడు ఏలా! మా దగ్గర ఒక్క ఏ గ్రేడు కోసమే రైతు కళ్లలో ప్రాణాలు పెట్టుకుని కూర్చుంటాడు. అమ్మెయ్ బిడ్డా, ఇందులో అడగడానికేముంది?

కానీ అసలు సంగతి రాయలేదు నువ్వు. ఆ గ్రేడు వేసేదెవరు? మాకైతే ఒక పద్ధతి ఉంది. ఖరీదుదారు వస్తాడు, బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు, పైన మంచివి పేర్చి కింద తాలు పోశామేమోనని. ఒక కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండిన సరుకు, లేకపోతే తేమ. ఆ తర్వాత జెండా పాట. ఆ రోజు యార్డుకు వచ్చిన మిర్చిలో అన్నిటికన్నా మేలైన బస్తాలకు అందరి ముందు ముందుగా పెట్టే వేలం అది. దానికి పలికిన ధరే మర్నాడు పేపర్లో పడుతుంది. మరి నీ సరుకులో చెయ్యి పెట్టి చూసిందెవరు? ఆ ఆఫీసు ఎక్కడుంది, నాంపల్లిలోనా? శాంపిలు ఎంత పంపాలి?

ఎందుకైనా మంచిదని యార్డంతా చెప్పేశాను. హమాలీ మొగిలయ్య "మన పోరికి మూడు ఏలు వచ్చినయా? ఇగ ఫికర్ లేదు పో" అని నాకు చాయ్ తాగించాడు. ఆయన ఒకరికి చాయ్ తాగించగా నేను ఇంతవరకు చూడలేదు.

నీ మేలు కోరే
మామ

తా.క.: మేక దొరికాక ఏం చేస్తారు? మేడారం మొక్కు మేకా? మొక్కు మేకైతే దొరకకపోతేనే నయమని అత్త దిగులు పడుతోంది.

ఇంకో తా.క.: బిస్కట్లు బాగున్నాయని అత్త చెప్పింది. నేను చెప్పలేదు.

*

హైదరాబాద్

నవ్వు ఆపుకోలేకపోతున్న హారిక మామకు దండం పెట్టి చెప్పుకునేది.

ఆఫీసూ లేదు, చెయ్యి పెట్టి చూసేవాడూ లేడు. ట్రిపుల్ ఏ అని ఎవరూ ముద్ర వెయ్యరు. అప్పులిచ్చే పెద్ద పెద్ద సంస్థలు వాడే మార్కుల నుంచి గేమ్‌ల వాళ్లు ఆ మాట తెచ్చుకున్నారని అంటారు. కంపెనీ వాళ్లే మాది ట్రిపుల్ ఏ అంటారు, లోకం అవునంటుంది.

మరి ఏది అవునంటుందంటావా? వందల మంది ఏళ్ల తరబడి పని చెయ్యాలి. పెద్ద సినిమాకు అయ్యేంత ఖర్చు పెట్టాలి, మళ్లీ దాదాపు అంతా ప్రచారానికి పెట్టాలి. గాలి వీస్తే ప్రతి గడ్డిపరకా విడివిడిగా ఊగాలి. వానలో తడిసిన చొక్కా తడిసినట్టే కనిపించాలి. ఊరు కాదు, దేశమంత జాగా ఉండాలి, ఏ మూలకు వెళ్లినా ఏదో ఒకటి జరుగుతుండాలి. ఆఖరున పని చేసినవాళ్ల పేర్లు పడుతుంటే నువ్వు వెళ్లి స్నానం చేసి రావచ్చు.

నాదేమో నాలుగు సందులు, కాస్త మంచు. ఆ కంపెనీలో శేఖర్ అని ఒకాయన ఉన్నాడు. నా మేకను దొంగల ముఠా ఎత్తుకుపోవాలంటాడు. పిల్ల చేతిలో గొడ్డలి పెట్టాలంటాడు. మేకది బంగారు కొమ్ము, దానికోసం ఐదు రాజ్యాలు కొట్టుకోవాలంటాడు. "మంచు తీసేద్దాం హారికా, ఇంత ఖర్చు పెట్టి కట్టింది కనపడకపోతే ఎలా?" అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు మామా, నాకు టీ కూడా ఇప్పించాడు. కానీ నా గేమ్ ఆడి చూసిన వాళ్లందరూ పది నిమిషాల్లో ఆవలించి లేచిపోయారన్నది మాత్రం నిజం. ఒక్కరూ నాలుగో సందు దాటలేదు. అది తలచుకుంటే ఏడుపొస్తోంది.

నమ్మకపోతే నువ్వే చూడు. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను.

హారిక

తా.క.: అది మొక్కు మేక కాదని అత్తకు చెప్పు. దానికి పొద్దున్నే తిరగడం ఇష్టం, అంతే.

*

వరంగల్, యార్డులో అడ్తి కొట్టు నుంచి

ధైర్యం చాలని మేనకోడలికి ధైర్యం ఉన్న మామ రాయునది.

గ్రేడు ఎవరికి వారే వేసుకోవచ్చని ముందే చెప్పొద్దా? పని పూర్తి చేశాను. నీ ఆటకు మొన్న మన యార్డులో జెండా పాట పెట్టించాను.

చపాటా మిర్చి బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టాను. ఖరీదుదారులు అలవాటుగా చేతులు చాచి మీటలన్నీ నొక్కి చూశారు. ఒకాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు కూడా. తెర ఎర్రబడింది, తుడుస్తున్నాం. మొగిలయ్య ముందుకు వచ్చి "అన్నా, అంత మంచిగనే ఉన్నది గని ఇందుల కారమేది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "చపాటాల కారముంటదారా? రంగు చూసి కొంటరా లేదా? ఇది గూడ గంతే, జర కండ్లు పెట్టి చూడు" అన్నాను. అందరూ చూశారు. పిల్ల నడుస్తోంది. గంట వినిపిస్తోంది. సమ్మమ్మ మిర్చి ఊడ్చే చీపురు కింద పెట్టేసి "మేక ఏడికి పోతాందే?" అని ముందుకు వంగింది. కాంటాలు ఆగిపోయాయి. పాట పాడాల్సినవాడు పాడటం మరిచిపోయాడు. యార్డు కార్యదర్శి వచ్చి అరిస్తే గానీ జనం కదల్లేదు. ధర మాత్రం ఎవరూ పలకలేదు. అదేం గ్రేడో వాళ్లకూ తెలియలేదట.

వందల మంది కావాలన్నావు కదా, దానికీ దిగులు వద్దు. హమాలీలు, తూకం వేసే దడవాయిలు, చాయ్ దుకాణం వాళ్లు అందరూ నీ ఆటలో పని చేయడానికి ఒప్పుకున్నారు. ఆఖరున పడాల్సిన పేర్లు వెనక రాశాను. ఎవరినీ వదిలిపెట్టకు, తర్వాత నేను వాళ్ల మొహాలు చూడాలి.

పెన్‌డ్రైవ్ పెట్టిన కవరు మీద వాళ్ల కంపెనీ అడ్రసు ఉంది, శేఖర్ గారికి కూడా రాశాను. ఈసారి పెట్టే పాటకు స్వయంగా రమ్మని. మర్యాద కోసం ఒక బస్తా ఘాటైన తేజ మిర్చి పంపాను.

మామ

తా.క.: గొడ్డలి ఆలోచన నాకు నచ్చింది. ఆ మంచులో పిల్ల కట్టెలు కొట్టుకోవడానికి పనికొస్తుంది.

*

హైదరాబాద్, బుధవారం

మామా, దండం కూడా పెట్టను ఈసారి.

నీ బస్తా శేఖర్ గారి టేబుల్ మీదకు చేరింది. ఏసీ గది. ఎవరో ముడి విప్పారు. ఫ్లోర్ ఫ్లోరంతా తుమ్ముకుంటూ మెట్ల మీదకు పరిగెత్తారట. "మీ తరఫున మాట్లాడేది ఎవరు, మీరా, మిర్చి అమ్మే ఆయనా?" అని ఆయన కళ్లు తుడుచుకుంటూ ఫోన్ చేశాడు. శుక్రవారం సంతకం పెడితే పెట్టాలి, లేకపోతే ఈ మాట ఇక మరిచిపోవాలి అన్నాడు.

నువ్వు రాసిన పేర్లు చదివి నవ్వాను. తర్వాత ఏడ్చాను. కొట్టుకోవడం లేని ఆటను యార్డంతా ఊపిరి బిగబట్టి చూసిందంటే నాకెంత సంతోషం! కానీ జనం మధ్య కాసేపు చూడటం వేరు, ఒక్కడివే కూర్చుని ఆడటం వేరు. మామా, నా కోసం ఒక్క పని చెయ్యి. ఎవరినీ పిలవకు. తలుపు దగ్గరికి వేసుకుని, ఒక్కడివే, నాలుగో సందు దాకా వెళ్లు. నువ్వు కూడా ఆవలించి లేచిపోతే నేను సంతకం పెట్టేస్తాను. అబద్ధం రాయకు. నువ్వు రైతుకు తేమ ఉంటే ఉందనే చెప్తావు కదా, నాకూ అలాగే చెప్పు.

హారిక

తా.క.: తుమ్మిన వాళ్లలో ముగ్గురు ఆ మిర్చి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నీ నంబరు ఇచ్చాను.

*

మట్టెవాడ, గురువారం మధ్యాహ్నం

బంగారు తల్లీ హారికా,

ఆడాను. మెల్లగా రాస్తున్నాను, ఇంకా ఆ మంచు నా కళ్లలోంచి పోలేదు.

మొదటి సందు చూడగానే తెలిసింది, మన మట్టెవాడే. చిన్నప్పుడు నిన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పొద్దున్నే తిప్పేవాణ్ని, ఆ సందే. నాలుగో సందు చివర మంచు మరీ చిక్కగా ఉంది, పిల్ల ఆగిపోయింది. అందరూ ఇక్కడే లేచిపోయి ఉంటారు. నేను సరుకు దగ్గర పొద్దంతా కూర్చునేవాణ్ని, నాకేం తొందర? మీట నొక్కి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మంచు తనంతట తనే పక్కకు జరిగింది.

అబ్బా, అవతల ఎంత బాగా చేశావే! చేనంతా, కంటికి ఆనినంత మేర ఎర్రగా ఎండబోసిన మిర్చి. పిల్ల మధ్యలోంచి చెప్పుల్లేకుండా నడుస్తుంటే కాయలు తామే తప్పుకుంటున్నాయి. ఘాటు లేదు, తడిసిన మట్టి వాసన వస్తోంది. ఆ చేను దాటాక ఒక ముసలాయన చాయ్ పెడుతున్నాడు. ఆయన కెటిల్ మూతిలోంచి ఆవిరి రావడం, అదే మంచై ఊరంతా పరుచుకోవడం! ఎట్లా తట్టిందే నీకు? నేను "తాతా, జర మూత పెట్టరాదు, తొవ్వ కనబడతలేదు" అన్నాను. ఆయన నా వైపు చూసి "సుదర్శనూ, మూత పెడితే తెల్లారతది. మేక దొరుకుతది. ఆట అయిపోతది. పెట్టమంటవా?" అన్నాడు. నేను వద్దన్నాను. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అవతల నీళ్లలోకి మెట్లు దిగుతున్నాయి, గంట కిందనుంచి వినిపిస్తోంది. దిగబోతుంటే అత్త అన్నానికి పిలిచింది.

నువ్వు తేమ ఉంటే చెప్పమన్నావు. లేదు బిడ్డా. అమ్మొద్దు. ఐదు రాజ్యాలు వచ్చి ఆ చేలో పడితే ముందు తన్నుకుపోయేది ఆ కెటిలే. మూడు ఏలు వాళ్ల దగ్గరే ఉండనీ.

మామ

తా.క.: నా పేరు మిషన్‌కు ఎట్లా తెలిసింది? నువ్వే పెట్టి ఉంటావు, దొంగా.

ఇంకో తా.క.: చెంప మీద చదరపు చదరపు గుర్తులు పడ్డాయని అత్త నవ్వుతోంది. ఎండ పొక్కులని చెప్పాను. ఆ ముసలాయన చాయ్‌లో చక్కెర వేశాడు, ఆటలోది కాబట్టి పర్వాలేదు, అత్తకు తెలియనివ్వకు.

*

హైదరాబాద్, శుక్రవారం సాయంత్రం

నా మామకు హారిక వంద దండాలు.

సంతకం పెట్టలేదు. ఎందుకో చెప్తాను, కూర్చుని చదువు.

మామా, నాలుగో సందు తర్వాత నేనేమీ కట్టలేదు. మిర్చి చేను లేదు. ముసలాయన లేడు. మెట్లు లేవు. ఒక్కదాన్ని ఎంతని కడతాను? చేతకాక అక్కడ మంచు కప్పేసి ఊరుకున్నాను. దాని వెనక ఉత్త తెలుపు. నువ్వు మీట నొక్కి పట్టుకుని నిద్రపోయావు. నీ చెంప మీదవి పొక్కులు కావు, కీబోర్డు.

పొద్దున నీ ఉత్తరం పట్టుకుని శేఖర్ గారి దగ్గరికి వెళ్లాను. చేను, కెటిల్ ఉన్న భాగం చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చివరికి లెక్క వేసి "ఇది కట్టాలంటే మాకు అరవై మంది, రెండేళ్లు కావాలి. మీకెంత మంది పట్టారు?" అన్నాడు. "మా మామ ఒక్కడే సార్. అన్నానికి ముందు చేసేశాడు" అన్నాను.

ఆయన తన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. నేను బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, సంతోషంతో బాగా ఏడ్చాను. రేపటి నుంచి ఆ చేను కడతాను. ఎన్నేళ్లయినా సరే.

నీ
హారిక

తా.క.: కెటిల్ ఇత్తడిదా, సత్తుదా? నువ్వు రాయలేదు. ఆ మెట్ల కింద ఏముందో కూడా నాకు తెలియదు, నీకూ తెలియదు. రేపు త్వరగా తిని, ల్యాప్‌టాప్ ముందేసుకుని పడుకో. ఈసారి లేపొద్దని అత్తకు గట్టిగా చెప్పు.