అక్క బేకరీ నోటిఫికేషన్లు

జనవరి 14, మంగళవారం

ఆఫీసులో పని లేక ఒడెట్ అక్క బేకరీ వెబ్‌సైట్ తెరిచాను. రెండేళ్ళుగా మాటల్లేవు. ఫొటోలు చూస్తే తప్పేముంది? పేజీ రాగానే ఒక పెట్టె అడ్డొచ్చింది, నోటిఫికేషన్లు పంపమంటారా అంటూ. పోతే చాలని ఏదో నొక్కాను. ‘అలౌ’ నొక్కినట్టున్నాను.

జనవరి 15

పొద్దున్నే లాప్‌టాప్ టింగుమంది. “మొలాసిస్ పాకం వేసిన బ్రెడ్ దిగింది. ఒక పక్క మాడింది. ఆ పక్క నేను తింటాను. ఒడెట్.”

మూడు గంటల దూరంలో, కారకెట్‌లో బ్రెడ్ మాడితే మాంక్టన్‌లో ఉన్న నాకేంటి?

జనవరి 23

చెప్పుల షాపు, వాతావరణం, జాతకం, హాకీ స్కోరు. ఎక్కడెక్కడ ఏం నొక్కానో, రోజంతా టింగు టింగు. ఇవాళ మీటింగులో నా స్క్రీన్ అందరికీ చూపిస్తుంటే మధ్యలో అక్క దూకింది. “పిండి పొంగలేదు. అలిగింది. మా ఇంట్లో అందరికీ అదే జబ్బు.” పడీ పడీ నవ్వారు.

పక్క సీటు డారెల్ జాలిపడి ఒక్కొక్కటే ఆపేశాడు. “బేకరీది కూడా తీసేయనా, నోయెల్లా?” అన్నాడు. ఉండనీ అన్నాను. బ్రెడ్డంటే అంత ఇష్టమా అని అడిగాడు. అవునన్నాను.

జనవరి 30

“ఇవాళ అమ్మ పుట్టినరోజు. నారింజ తొక్క వేసి బన్నులు చేశాను.”

అమ్మ పోయాక ఆవిడ పియానోని నన్నడక్కుండా చర్చికి ఇచ్చేసింది అక్క. అంత్యక్రియల రోజే అరుచుకున్నాం. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

బాత్రూమ్‌లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఫిబ్రవరి 4

రోజూ మోగే బేకరీ ఇవాళ మోగలేదు.

ఫిబ్రవరి 6, మధ్యాహ్నం

ఇవాళా లేదు. నేనే పొరపాటున ఆపేశానేమోనని డారెల్‌కి చూపించాను. నీ దగ్గర అంతా బాగానే ఉంది, అటునుంచే రావడం లేదన్నాడు. షాపుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది.

సెలవు చెప్పేశాను. కారు తీస్తున్నాను.

ఫిబ్రవరి 7

నిన్న వెళ్ళేసరికి షాపు మూసి ఉంది. మేడ మీద ఇంటి తలుపు అక్కే తీసింది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. వెనక మెట్ల మీద ఐస్‌కి జారిందట.

“ఫోనెత్తవేం?” అన్నాను, పలకరించడం కూడా మర్చిపోయి.

“కిందుంది. మళ్ళీ ఆ మెట్లు దిగాలంటే భయమేసింది. నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు. టింగుమనలేదు, వచ్చాను.”

అక్క ఎడమ చేత్తో నాకు కుర్చీ లాగింది. ఈ ఊళ్ళో ఎవరూ ఆ నోటిఫికేషన్లు పెట్టుకోలేదట. వాసన తగిలితే వాళ్ళే వస్తారట.

“మొత్తానికి ఒక్కళ్ళే పెట్టుకున్నారని వెబ్‌సైట్ చూపించింది. మాంక్టన్ అని కూడా. నువ్వేమో అనుకున్నాను. అడిగితే ఆపేస్తావని అడగలేదు.”

“మరి పియానో?”

“అది ఎదురుగా ఉంటే ఇంట్లో ఉండలేకపోయానే. నిన్ను అడగాల్సింది.”

సూప్ తాగించబోయాను. ఎడమ చెయ్యి బాగానే ఉందిలే, చెంచా ఇటివ్వు అని కసిరింది.

ఫిబ్రవరి 11

కట్టు విప్పేదాకా ఇక్కడినుంచే పని చేస్తానని ఆఫీసుకి చెప్పాను. అక్క చెప్తుంటే పిండి పిసికాను. అంత కసిగా గుద్దకు, అది నా మొహం కాదు అంది.

ఫిబ్రవరి 12

మేడ మీద మెయిల్స్ చూసుకుంటుంటే టింగుమంది. అక్క ఎడమ చేత్తో టైపు కొట్టింది, అన్నీ తప్పులే.

“బెడ్ర్ అయిద. కిదికి ర.”