అబద్ధానికి ఎత్తిన చేతులు

ఫోన్ చేస్తే రెండు జోకులేసి నన్ను నవ్వించి తప్పించుకునే అన్నయ్యకి,

అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద నువ్వు నన్ను నవ్వించలేవు. పూర్తిగా చదువు, సగంలో మడిచి జేబులో పెట్టుకోకు.

మొన్నటి రెజ్లింగ్ షోలో రిఫరీగా నువ్వు చేసిన పనికి ఒళ్ళు మండిపోతోంది. రాకాసి ఆ చిచ్చరపిడుగుని ఎత్తి పడేశాడు, సరే. వాడు కదలకుండా పడున్నాడు, అదీ సరే. నువ్వు పరుగెత్తుకెళ్ళి వంగి చూసి, రెండు చేతులూ తలపైకెత్తి ఒకదానికొకటి అడ్డంగా పెట్టావు. హాలంతా గప్‌చుప్. ఇక్కడ నాన్న చేతిలో టీ ఒలికిపోయింది. ఇంతలో ఆ పడున్నవాడు చెంగున లేచి, రాకాసిని వెనకనుంచి తన్ని గెలిచేశాడు! జనం ఈలలు, కామెంటేటర్ పకపకలు. నువ్వేమో గెలిచినవాడి చెయ్యి పైకెత్తి ఇకిలిస్తూ నిలబడ్డావు.

ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని నాకు అక్షరాలు రాకముందే తెలుసు. దాని మీద నాకు కోపం లేదు. పత్రికలో వారం వారం రెజ్లింగ్ పేజీ రాసేదాన్ని, ఆ అబద్ధాన్ని ప్రేమించే బతుకుతున్నాను. మీ కంపెనీవాళ్ళు ఛాంపియన్ బెల్టులు చాక్లెట్లలా పంచుతున్నారు. పట్టు పట్టేది తక్కువ, మైకు పట్టేది ఎక్కువ. నిన్నటి విలన్ ఏ కారణమూ లేకుండా ఇవాళ మంచివాడైపోతున్నాడు. అన్నిటికీ తిట్టుకుంటూనే చూశాను. కానీ ఆ చేతులా, అన్నయ్యా? "ఇది ఆట కాదు, నిజంగా దెబ్బ తగిలింది, డాక్టర్ని పంపండి" అని రిఫరీ చెప్పే సైగ అది. మీ రింగులో మిగిలిన ఒకే ఒక్క నిజం. దాన్ని కూడా అమ్ముకున్నారు.

రింగులో నాన్న మెడ విరిగిన రోజు నీకు గుర్తు చెయ్యాలా? ఆ సంగతి తెలియక అవతలివాడు ఆయన్ని రెండోసారి ఎత్తబోయాడు. ముసలి రిఫరీ చేతులు అడ్డంగా ఎత్తేసరికి ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. కుడిచేతి పట్టు పోయినా మనకి నాన్న మిగిలింది అందువల్లే. నువ్వు రిఫరీవి అయినప్పుడు బీరువా అద్దం ముందు నిలబెట్టి ఆయన నీకు నేర్పింది ఆ సైగ ఒక్కటే. "దీన్ని ఊరికే ఎత్తకురా" అన్నారు. నువ్వు ఊరికే ఎత్తావు. అప్పట్నుంచి ఆయన టీవీ ముందు కూర్చోవడం లేదు. నీ మాటెత్తితే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతున్నారు.

ఈ వారం నా పేజీలో ఇదంతా రాస్తున్నాను. రేపు నిజంగా ఎవడికైనా దెబ్బ తగిలితే మీ చేతులు ఎవరు నమ్ముతారని అడుగుతున్నాను. ముందే చెప్పాను కాబట్టి తర్వాత వెన్నుపోటు అనకు.

నీ మీద కారాలు మిరియాలు నూరుతున్న
చెల్లి

*

నోటికి తాళం లేని చెల్లెమ్మకి,

రాసుకో. రాసేశాక నా ఉద్యోగం ఊడితే నీ పేజీ పక్కన నాకో మూల కేటాయించు, వంటల గురించో, వాస్తు గురించో రాసుకుంటాను.

సోఫాలో కూర్చుని సుద్దులు చెప్పడం తేలికే. ఆ చేతులెత్తే కథ రాసిన కాగితం నా చేతికిచ్చినప్పుడు నేను చెయ్యనన్నాను, తెలుసా నీకు? కథలు రాసే పెద్దమనిషి తల కూడా ఎత్తకుండా, "అయితే చొక్కా విప్పేసి వెళ్ళు, వేసుకునేవాళ్ళు బయట బోలెడు మంది" అన్నాడు. రింగులో చారల చొక్కా విప్పిన రిఫరీకి ఏ కంపెనీ మళ్ళీ పని ఇవ్వదు. పని మధ్యలో వదిలేసి పోయినవాడి కింద లెక్క. ఇది నీకూ తెలుసు, నాన్నకీ తెలుసు. ఈ పని తప్ప నాకు ఇంకేం వచ్చు?

ఇంకో సంగతి. ఇప్పుడు నా చెవిలో యంత్రం ఉంటుంది, కాలర్ దగ్గర చిన్న మైకు ఉంటుంది. నిజంగా దెబ్బ తగిలితే ఒక్క మాట చెప్తే చాలు, డాక్టర్ పరుగెత్తుకొస్తాడు. ఇవి నాన్న రోజులు కావు. చేతులెత్తడం ఇప్పుడు ఒట్టి అలంకారం.

నాన్నని అడ్డం పెట్టుకుని నన్ను కొట్టకు. ఆయన నాతో మాట్లాడకపోతే నాకు ముద్ద దిగడం లేదు. అది నీ పేజీలో రాయకు.

ఇట్లు,
ఇకిలించే నీ అన్న

*

అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఆసుపత్రిలో ఉన్నావని తెలుసు. ఇక్కడ జరిగింది నీకు తెలియాలి.

నా పేజీ అచ్చయింది. అభిమానులు దుమ్మెత్తి పోశారు. "సరదా చెడగొట్టకు", "నీకు ఆట అర్థం కాదు", "ఆడవాళ్ళకెందుకు రెజ్లింగ్" అని. ఎవరికీ పట్టలేదు.

నిన్న సాయంత్రం పేజీ పని కోసం షో పెట్టుకున్నాను. నాన్న లోపల పడుకున్నారు. రాకాసి విసిరిన విసురుకి చిచ్చరపిడుగు మెడ మీద పడ్డాడు. నువ్వు వంగి చూశావు. చేతులెత్తావు. హాలంతా గొల్లున నవ్వింది! "మళ్ళీ మొదలెట్టారండీ నాటకం!" అన్నాడు కామెంటేటర్. నాకే కోపం వచ్చి, వీళ్ళకి ఇక బుద్ధి రాదని టీవీ కట్టేయబోయాను. ఆ నవ్వులు విని నాన్న బయటికొచ్చారు.

"ఆగవే. వాడి కాళ్ళు చూడు. వాడు నటించట్లేదు" అన్నారు.

డాక్టర్ మూల కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రాకాసి నీ చేతులు చూసి కూడా, రాసిన ప్రకారం వాణ్ణి మళ్ళీ ఎత్తడానికి వంగాడు. నాన్న టీవీకి ఎదురెళ్ళి అరిచారు, అన్నయ్యా. "ఎత్తకురా! ఎత్తకు, చచ్చిపోతాడు!" అని. అరుస్తూ తన రెండు చేతులూ తలపైకెత్తబోయారు. కుడిచెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని పైకి లాగారు.

అప్పుడు నువ్వు చొక్కా విప్పావు.

ఉత్త బనీనుతో, ఆ చొక్కా ఉండలా చుట్టి, వాడి మెడ పక్కన కదలకుండా ఒత్తిపెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నావు. రాకాసి అలాగే రాయిలా నిలబడిపోయాడు. అప్పుడు లేచాడు డాక్టర్. నవ్వులన్నీ ఆగిపోయాయి. నాన్న చేతులు దించి, "వాడు నా కొడుకే" అన్నారు. చాలాసేపు అదే మాట అంటూ ఉన్నారు.

వాడెలా ఉన్నాడో రాయి. నువ్వెలా ఉన్నావో కూడా.

నీ చెల్లి

*

నా పక్కన నిలబడకుండానే నన్ను నిలబెట్టిన చెల్లికి,

వాడు బతికాడు. కాళ్ళలో స్పర్శ వస్తోంది. నడుస్తాడట, ఇక రింగెక్కడట. రాకాసి ఆ వార్డు బయట బెంచీ మీదే ఉంటున్నాడు. పిల్లాడిలా ఏడుస్తున్నాడు. వాణ్ణి తిట్టకు, నీ పేజీలో కూడా. వాడు నా చేతుల్ని నమ్మలేదు, నమ్మకుండా చేసింది మేమే.

చెవిలో యంత్రం ఉందని కదా నీకు గొప్పగా రాశాను? చెప్పాను. "సార్, ఇది నిజం" అన్నాను. అవతల కథలు రాసే పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "భలే చేస్తున్నావోయ్, ఇంకాస్త ఏడుపు పెట్టు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. నవ్వాడు. ఇంక నా దగ్గర అబద్ధం కానిది ఆ చొక్కా ఒక్కటే మిగిలింది.

ఉద్యోగం పోయిందనుకుని సామాను సర్దుకుంటున్నాను. ఇవాళ ఆ పెద్దమనిషే ఫోన్ చేశాడు. తిట్టడానికి కాదు. ఆ వీడియో ముక్క ఊరంతా ఫోన్లలో తిరుగుతోందట, జనం ఏడుస్తున్నారట. వచ్చే పెద్ద షోలో మళ్ళీ చొక్కా విప్పాలట! ఈసారి సంగీతం కూడా పెడతారట. జీతం పెంచుతారట. నేనన్న మాటలు ఇక్కడ రాయను, ఈ ఉత్తరం నువ్వు నాన్నకి చదివి వినిపిస్తావు కదా. ఇంతకాలం ఉగ్గబట్టిన కోపమంతా వాడి చెవిలో పోసి ఫోన్ పెట్టేశాను.

పని మానేశాను. చొక్కా పార్సిల్‌లో పంపుతున్నాను. కంపెనీవాళ్ళు అడిగితే తుడుచుకునే గుడ్డ చేశామని చెప్పు.

అక్కణ్ణుంచి వచ్చేసే ముందు ఒక పని చేశాను. బట్టలు మార్చుకునే గదిలో తలుపేసి రిఫరీల్నీ, ఆటగాళ్ళనీ, ఆ డాక్టర్నీ కూర్చోబెట్టాను. కొత్త సైగ ఒకటి పెట్టుకున్నాం. కథలు రాసేవాళ్ళకి చెప్పకూడదని, ఆసుపత్రి నుంచి లేచొచ్చిన రాకాసి అందరి చేతా ఒట్టు వేయించాడు. అదేమిటో నీకూ రాయను. నీ పేజీలో పడితే నెల తిరక్కముందే దానికీ టికెట్లు అమ్ముతారు. చెప్పలేదని అలుగుతావు, అలుగు.

ఆదివారం ఇంటికొస్తున్నాను. నాన్నకి మాత్రం బీరువా అద్దం ముందు చేసి చూపిస్తాను. ఆయన చేతికి కూడా అందే సైగే అది. నువ్వు మాత్రం అటు తిరిగి నిలబడు.

ఇట్లు,
చొక్కా లేని నీ అన్నయ్య